కుప్పాయి బొటనవేలు

"కార్డు లాకయింది ఆయా," అన్నాడు సుందరరాజన్, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

కుప్పాయి డాక్టరు చీటీని అరచేత్తో ఇంకోసారి చదును చేసి, అద్దం కింద కంతలోంచి లోపలికి తోసింది. మంగళవారం పొద్దున ఆరింటి బస్సుకు పాపిరెడ్డిపట్టిలో బయలుదేరింది. ధర్మపురిలో దిగి ఈ ఆస్పత్రి మందుల కౌంటరు ముందు వరసలో నిలబడి గంటన్నర అయింది. వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు.

"లాకయితే తెరువు నాయనా. తాళం నీ దగ్గరే గదా ఉండేది."

వెనక ఎవరో నవ్వారు. సుందరరాజన్ నవ్వలేదు. ప్రతి నెలా నవ్వేవాడు. ఆమె వరసలో కనబడగానే "రా ఆయా" అని పిలిచి, కార్డు తీసుకుని, చేయి బల్ల కిందికి పోనిచ్చి ఏదో చేసి, మాత్రలు ఇచ్చి పంపేవాడు. ఈరోజు కార్డును రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి జరిపాడు.

"నీ కార్డు మీద మూడు నెలల్లో పన్నెండు సార్లు మాత్రలు పోయాయి. నెలకు ఒక్కసారే ఇవ్వాలి. ఇవి మామూలు మాత్రలు కావు, గట్టి నొప్పి మాత్రలు. కుర్రాళ్ళు మత్తుకు మింగుతున్నారని పైనుంచి గొడవ. ఎక్కువ తీసుకున్న కార్డులన్నీ సర్కారు ఇన్సూరెన్సువాళ్ళు ఆపేశారు."

ఆస్పత్రిలో మాటలన్నీ అరవంలోనే, అవ్వను 'ఆయా' అనడంతో సహా. కుప్పాయి అరవాన్ని కూడా ఇంట్లో తెలుగు మాట్లాడినట్టే గట్టిగా, దాపరికం లేకుండా మాట్లాడుతుంది.

"నేను వచ్చిందే మూడుసార్లు. పన్నెండు ఎట్ల అవుతాయి?"

"మిషన్ చెప్తోంది. పన్నెండుసార్లు నీ వేలిముద్ర పడింది. మిషన్ అబద్ధం చెప్తుందా?" అప్పుడు అతను గొంతు తగ్గించి అద్దం దగ్గరికి వంగాడు. "శుక్రవారం ఇన్సూరెన్సు మేడం వస్తుంది. మన్నింపు ఉత్తరం నేనే టైపు చేసి ఉంచుతాను. ఇంకులో వేలు ముంచి దాని మీద పెట్టు. అప్పటికప్పుడు కార్డు తెరుచుకుంటుంది. ఎదురు మాట్లాడితే విచారణ అంటారు. ఆరు నెలలు పడుతుంది. తాతకు ఆరు నెలలు ఆగే శక్తి ఉందా? నీ మంచికే చెప్తున్నాను ఆయా."

"శుక్రవారం దాకా ఆయనకు ఏమిచ్చేది?"

"తర్వాత ఎవరు?" అన్నాడు సుందరరాజన్.

*

కుప్పాయి మొగుడు తిమ్మరాయన్ వాకిట్లో మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి ఉన్నాడు. రెండో పక్కకు తిరగలేడు. జబ్బు వెన్నెముకలోకి దిగిందని డాక్టరు చెప్పాడు. ముప్పై ఏళ్ళు చింతచెట్లెక్కి కొమ్మలు దులిపిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళ చెంబు అందుకోవడానికి ముందు కాసేపు ఊపిరి కూడగట్టుకుంటున్నాడు.

మనవరాలు కలైవాణి బడి నుంచి వచ్చి మాత్రల డబ్బా తెరిచింది. పదకొండో తరగతి చదువుతోంది. హాజరు పిలిస్తే పక్కపిల్లకు కూడా వినబడనంత మెల్లగా పలుకుతుందని టీచర్లు ఆటపట్టిస్తారు. తాతకు ఏ పూట ఏ మాత్ర వేసిందీ నోటుబుక్కు చివరి పేజీల్లో ఆ పిల్లే రాస్తుంది.

"మూడు ఉండాయి అవ్వా. దినానికి రెండు."

"సగాలు చెయ్."

కలైవాణి అవ్వ ముఖంలోకి చూసింది. కత్తి తుడిచి, మాత్రను పీట మీద పెట్టి, మొనతో నొక్కింది. రెండు ముక్కలూ సమానంగా రాలేదు. పెద్ద ముక్క తాతకిచ్చింది.

కుప్పాయి జరిగిందంతా చెప్పింది. తిమ్మరాయన్ కళ్ళు మూసుకునే విన్నాడు.

"వేలు పెట్టేసి రా కుప్పాయీ."

"నేను ఎత్తుకోలేదు మామా."

"నువ్వు ఎత్తుకోలేదని నాకు తెలుసు. చాలదా?"

"చాలదు. వేలు పెడితే, మొగుడి మాత్రలు అమ్ముకున్న ఆడది అని కాయితంలో ఉండిపోతుంది. నేను చచ్చినా ఆ కాయితం చావదు."

"పెట్టకపోతే నేను ముందు చస్తాను." కోపంగా అనలేదు. వాన వచ్చేట్టుంది అన్నట్టు అన్నాడు. అని, మంచం పట్టెను పట్టుకున్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కుప్పాయి ఆ కణుపులు మామూలు రంగుకు వచ్చేదాకా చూస్తూ నిలబడింది.

*

బుధవారం మండీలో పని జోరుగా ఉంది. మాసి నెల, కొత్త చింతకాయ వచ్చే కాలం. రేకుల షెడ్డు కింద ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు గోనెల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక రాయి, చేతిలో చిన్న సుత్తి. కాయ పెంకు ఊడగొట్టి, ఈనెలు లాగి, పండు చీల్చి బొటనవేలితో గింజను నెట్టేయాలి. గింజ ఒక కుప్ప, పండు ఒక కుప్ప. సాయంత్రానికి వేళ్ళ సందుల్లో పులుపు దిగి మండుతుంది. పదేళ్ళు చేస్తే మంట తెలియదు. కుప్పాయి నలభై ఏళ్ళుగా చేస్తోంది.

"ఏమక్కా, మీ ఇంట్లో మాత్రలు మెండుగా ఉండాయంట గదా," అంది ఎదురుగా కూర్చున్న చిన్నపొన్ను, సుత్తి ఆపకుండానే. ధర్మపురి వరసలో నవ్విన మనిషి ఎవరో ఈ ఊరికి దగ్గరివాళ్ళే అయి ఉండాలి. మాట ఆమెకంటే ముందు బస్సెక్కి వచ్చింది.

"ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్తే ఏమి? మా అక్క కొడుకు మాదేష్ పోయిన వారం బస్టాండులో పడిపోయి ఉంటే పోలీసులు ఎత్తుకపోయినారు. జేబునిండా ఆ మాత్రలే. టమోటా లారీ తోలుకునేవాడు, బంగారం మాదిరి పిల్లోడు. ఇప్పుడు తల్లిని చూసి ఎవురు నువ్వు అంటాండాడు." చిన్నపొన్ను సుత్తి ఎత్తి ఆపింది. "ఆ మాత్రలు ఆకాశంలోంచి రాలలేదు గదా అక్కా. ఎవురో ఒకరి కార్డులోంచే గదా వచ్చింది."

షెడ్డులో సుత్తుల చప్పుడు పలచబడింది. అందరూ పని చేస్తున్నట్టే ఉండి వింటున్నారు.

"నా మొగుడికి వేయాల్సిన మాత్ర నీ అక్క కొడుక్కి ఇస్తానా మే? నీకు నోరుండాది, దాని పైన కండ్లు కూడా ఉండాయి. మా ఇంటికి వచ్చి ఆయన పడేది చూసి మాట్లాడు."

అన్నం వేళ చిన్నపొన్ను తన క్యారియరు తీసుకుని పక్క గుంపులోకి జరిగి కూర్చుంది. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్ళూ జరిగారు. కుప్పాయి ఒక్కతే తిని, చేయి కడుక్కుని, అందరికంటే ముందు సుత్తి పట్టుకుంది.

మరుసటి రోజు సాయంత్రం రేషన్ బియ్యానికి పోయింది. అంగడి నారాయణసామి వరసలో ప్రతి ఒక్కరి ముందుకూ సబ్బుపెట్టె అంత మిషన్‌ను జరుపుతున్నాడు. వేలు పెట్టడం, పచ్చ దీపం వెలగడం, బియ్యం. కుప్పాయి వంతు వచ్చేసరికి మిషన్ పక్కన పెట్టి, అట్ట నలిగిన రిజిస్టరు తీశాడు.

"నీ వేలు నాకొద్దులే అక్కా. నిన్ను చూస్తేనే ఆ మిషన్‌కు జ్వరమొస్తాది," అన్నాడు ఎప్పటిలాగే. రిజిస్టరులో 'వేలిముద్ర పడలేదు' అని రాసి, పేరు రాశాడు.

ఎప్పుడూ వినే ఎకసెక్కమే. కుప్పాయి సంచి నోరు విప్పబోయి ఆగిపోయింది.

"ఆ మిషన్ ఇట్ల తే."

"ఎందుకు?"

"తే నారాయణసామీ, పెట్టి చూస్తా."

బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. 'మళ్ళీ ప్రయత్నించండి' అంది మిషన్ అరవంలో, పట్నపు ఆడపిల్ల గొంతుతో. చూపుడువేలు. ఎర్ర దీపం. పది వేళ్ళూ అయ్యాయి. ఎడమచేతి చిటికెనవేలు తీసి, చేతిని వెలుతురుకు పట్టి చూసుకుంది. వేలి కొనలు నల్లగా, నున్నగా, అరిగిపోయిన ఉలవగింజల్లా ఉన్నాయి. గీత అన్నది లేదు.

కార్తీకంలో బడి వరండాలో ఇన్సూరెన్సు కార్డుల క్యాంపు పెట్టిన రోజు కూడా ఇట్లాగే పది వేళ్ళూ పెట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చిన సుందరరాజన్ ఓపికగా ఒక్కొక్క వేలూ తడిగుడ్డతో తుడిచాడు. ఆఖరికి, "టైమవుతోంది ఆయా, నీకు పని కావడమే కదా కావాలి," అని తన వేలు పెట్టేశాడు. పచ్చ దీపం వెలిగింది. కుప్పాయి ఆ పిల్లవాడి బుగ్గలు రెండు చేతులా నిమిరి, తన కణతల మీద మెటికలు విరిచింది. నీ చేయి చల్లగుండ అంది. ఇంటికి పోయి చింతపండు ముద్ద ఒకటి ఆకులో చుట్టి తెచ్చి ఇచ్చింది కూడా.

"ఏమక్కా, అట్ల నిలబడిపోయినావు? వెనక జనాలుండారు."

కుప్పాయి బియ్యం నెత్తిన పెట్టుకుంది. "ఆ రిజిస్టరు పారేయద్దు నారాయణసామీ," అంది.

*

శుక్రవారం కలైవాణిని బడి మానిపించి వెంట తీసుకుపోయింది. పొద్దున తాతకు ఆఖరి సగం మాత్ర వేసి, నోటుబుక్కులో రాసి, పక్కింటామెను కనిపెట్టుకోమని చెప్పి బయలుదేరారు.

ఇన్సూరెన్సు మేడం పేరు జయప్రియ. మందుల కౌంటరు పక్క గదిలో, తలుపు తెరిచే ఉంచి, బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. కళ్ళ కింద నిద్రలేని నలుపు. సుందరరాజన్ ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద కాయితం, ఇంకు డబ్బా సిద్ధంగా ఉన్నాయి.

"చదువు కలై," అంది కుప్పాయి.

కలైవాణి కాయితాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని గొణిగింది.

"గట్టిగా చదువు. మనం రాసింది కాదు గదా, మనకేం సిగ్గు?"

"'నేను నా కార్డు మీద పరిమితికి మించి మాత్రలు తీసుకుని... బయటివాళ్ళకు అమ్మినాను. ఇకమీదట అమ్మనని...'" పిల్ల గొంతు ఆగింది.

"అమ్మినాననే మాట మంగళవారం లేదు గదా నాయనా?" అంది కుప్పాయి. సుందరరాజన్ కిటికీ వైపు చూశాడు.

జయప్రియ కలం కింద పెట్టింది. "అమ్మా, ఈ ఆస్పత్రిలో ఈ మాత్రల ఖర్చు ఏడాదిలో మూడింతలయింది. రోగులు మూడింతలు కాలేదు. మాత్రలు బస్టాండులకు పోతున్నాయి. పోయిన నెల ఒక కుర్రవాణ్ణి చూశాను, ఇక లేవలేదు. నేను ఆపకపోతే ఎవరు ఆపుతారు?"

"ఆపు తల్లీ. ఆపాల్సిందే. ఎవరి చేయి ఆపతాండావో చూసి ఆపు."

"మీ చెయ్యే. పన్నెండుసార్లు మీ వేలిముద్ర ఉంది." మేడం ఇంకు డబ్బా ముందుకు జరిపింది. "ఒప్పుకుంటే ఇప్పుడే కార్డు తెరుస్తాను. మీ ఆయన సంగతి నాకు తెలుసు. చీటీ చూశాను."

కుప్పాయికి మంచం పట్టె మీద తెల్లబడిన కణుపులు కళ్ళకు కట్టాయి. డబ్బాలో ఇంకు తడిగా మెరుస్తోంది. ఒక్కసారి వేలు ముంచితే మధ్యాహ్నానికల్లా మాత్ర ఆయన నోట్లో ఉంటుంది. ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

"ఇంకు వద్దు. పన్నెండుసార్లు మిషన్ మీదే గదా పెట్టినాను. పదమూడోసారి కూడా మిషన్ మీదే పెడతా."

"మిషన్ చార్జింగులో ఉంది మేడం," అన్నాడు సుందరరాజన్.

అతను ఆ మాట అనేలోగానే కలైవాణి గదిలో లేదు. తల వంచుకుని పక్కతలుపులోంచి కౌంటరు వెనక్కి పోయింది. ఎవర్నీ అడగలేదు. మిషన్‌ను రెండు చేతులా పట్టుకుని, తీగ నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి మేడం ముందు పెట్టింది. పెట్టి, అవ్వ వెనక్కి పోయి నిలబడింది. ఆ పిల్ల చెవులు ఎర్రగా కందిపోయాయి.

"ఎందుకు మేడం, ఇంకు చాలదా?" సుందరరాజన్ గబగబా అన్నాడు. "ఈ చింతపండు ఆడవాళ్ళ వేళ్ళు మిషన్‌లో పడనే పడవు. ఊరికే టైము..."

మాట మధ్యలో ఆగిపోయాడు. గది బయట వరసలో మాటలు కూడా ఆగాయి.

జయప్రియ మెల్లగా తలెత్తింది. "పడవా?"

అతను పెదవులు తడుపుకున్నాడు.

"మరి పన్నెండుసార్లు ఎట్లా పడ్డాయి?"

కుప్పాయి కొంగులోంచి చేతులు తీసింది. తీగ తగిలించాక మిషన్ మీద బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. తొందరపడలేదు. ఒక్కొక్క వేలూ, విత్తనం నాటినట్టు, కుదురుగా పెట్టి తీసింది. 'మళ్ళీ ప్రయత్నించండి' అని మిషన్ పదిసార్లూ చెప్పింది. నాలుగోసారికి బయట ఎవరో కిసుక్కుమన్నారు. పదోసారికి ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు ఈ నాయనను పెట్టమను తల్లీ."

"నేనెందుకు మేడం..."

"పెట్టండి," అంది జయప్రియ.

సుందరరాజన్ వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. మేడం కంప్యూటర్ తెరను కలైవాణి వైపు తిప్పింది.

"చదువమ్మా."

కలైవాణి ఈసారి గొణగలేదు. "పేరు కుప్పాయి. తిమ్మరాయన్ భార్య. వయసు యాభై ఎనిమిది. స్త్రీ."

బయట వరసంతా గొల్లున నవ్వింది.

"జాలిపడి చేశాను మేడం," అన్నాడు సుందరరాజన్. "ఆమె వేలు పడకపోతే నేనే సాయం చేశాను. ఆమెను అడగండి, ఎంత సంతోషపడిందో."

"నిజమే," అంది కుప్పాయి. "సంతోషపడినా. మెటికలు విరిచి దిష్టి కూడా తీసినా. తీసిన దిష్టి తిరిగి పెట్టే దోవ ఉంటే చెప్పు నాయనా, పెట్టేసి పోతా."

మేడం మన్నింపు ఉత్తరాన్ని మడిచి తన ఫైలులో పెట్టుకుంది. సుందరరాజన్ దగ్గర మందుల అల్మారా తాళాలు అడిగి తీసుకుంది. ఫోన్లు చేసింది. చివరికి కుప్పాయి వైపు తిరిగి, కంటి ముద్రతో కొత్తగా కార్డు రాయించాలని, పది రోజులు పడుతుందని చెప్పింది.

కుప్పాయి బల్ల ముందు నేల మీద కూర్చుంది. మండీలో కూర్చున్నట్టు కాళ్ళు చాపుకుంది.

"అమ్మా, లేవండి. రూలు..."

"పది దినాలు ఆయన వెన్ను ఆగదు తల్లీ. నీ రూలు వచ్చేదాకా నేను ఈడనే ఉంటా. నాకేం తొందర లేదు. తొందరంతా ఆయనకే."

జయప్రియ తెల్లకాయితం తీసుకుని, డాక్టరు చీటీ పక్కన పెట్టుకుని, పది రోజుల మాత్రలకు తన చేత్తో రాసి సంతకం చేసింది. తనే అల్మారా తెరిచి మాత్రలు తెచ్చింది. "అందినట్టు ముద్ర కావాలి," అంది ఇబ్బందిగా, ఇంకు డబ్బా చూపించి.

"దీనికి పెడతా."

బొటనవేలు ముంచి నొక్కింది. కాయితం మీద నల్లటి గుండ్రని మచ్చ పడింది. గీతలు లేవు. మేడం దానిమీదికి వంగి చూసి, కింద 'కుప్పాయి' అని రాసింది.

"ఆ క్యాంపులో ఇట్లా ఇంకెంతమంది?"

"మా మండీ ఒక్కదాంట్లోనే ఇరవై ఇద్దరం."

"వాళ్ళు వచ్చి చెప్పాలమ్మా. మీ ఒక్కరి వేలితో మీ కార్డే తేలుతుంది. రేపు మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాను."

ఇల్లు చేరేసరికి తిమ్మరాయన్ ఆ పక్కకే ఒత్తిగిలి, పళ్ళు బిగించి ఉన్నాడు. కలైవాణి నిండు మాత్ర తీసి, నీళ్ళతో అందించింది.

"వేలు పెట్టినావా?" అన్నాడు గుటక పడ్డాక.

"పెట్టినాను."

"దేనికి?"

"మాత్రలకు," అంది కుప్పాయి.

కాసేపటికి మంచం పట్టె మీంచి చేయి జారింది. కుప్పాయి ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

*

శనివారం పొద్దున మండీకి వచ్చి తన గోనె పరుచుకోకుండా, నేరుగా చిన్నపొన్ను ముందు గొంతుక్కూర్చుంది.

"ఏమక్కా, మన్నించి పంపినారా?" అంది చిన్నపొన్ను, తల ఎత్తకుండా.

"నీ బొటనవేలు చూపించు."

"ఏమే?"

"చూపించు మే." కుప్పాయి ఆమె చేయి లాక్కుని తిప్పింది. నల్లగా, నున్నగా ఉంది. "క్యాంపులో ఇది మిషన్‌లో పడిందా?"

"యాడ పడింది? ఆ సుందరరాజన్ పిల్లోడే పెట్టినాడు. మంచోడు పాపం. మనకెందుకు కష్టమని..."

చిన్నపొన్ను మాట అక్కడ తెగింది. సుత్తి ఇంకా గాలిలోనే ఉంది. పక్కనున్న ఆడవాళ్ళు కూడా సుత్తులు దించి, ఒక్కొక్కరూ తమ వేళ్ళు చూసుకోసాగారు.

"నీ కార్డు ఎప్పుడైనా వాడినావా?"

"లేదక్కా. నాకేం జబ్బు? డబ్బాలో పెట్టినా." చిన్నపొన్ను సుత్తి గోనె మీద పెట్టింది. "అయితే మాదేష్ జేబులో..."

"నాకు తెలీదు. నీకూ తెలీదు. ఆ మిషన్‌కు తెలుసు. పోయి అడుగుదాం. మేడం మధ్యాహ్నం దాకా ఉంటుంది. తొమ్మిదింటికి బస్సు."

మండీ మేస్త్రీ అవతలి నుంచి కేకేశాడు, ఏం మాటలక్కడ, ఈపూట కూలి వద్దా అని. ఎవరూ అటు తిరగలేదు. చిన్నపొన్ను గోనె దులిపి లేచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచారు. తర్వాత వరసంతా. చేతుల నిండా చింతపండు గుజ్జు. చిన్నపొన్ను షెడ్డు మూల నీళ్ళ తొట్టి వైపు నడిచింది.

కుప్పాయి ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"కడగద్దు. ఇట్లనే రా."